ఎదుటి పక్షం తరఫున

"ఈ చీటీ నాకొద్దండీ. మార్చండి," అంది ఆఫీసరమ్మ.

ట్రైనింగ్ ఇచ్చే పెద్దావిడ కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి చూసింది. "ఏం, ఏమొచ్చింది అందులో?"

"నర్సుల సర్టిఫికెట్ల ఒప్పందం. వాళ్ళ దేశం తరఫున నేను వాదించాలట. మా దేశం తరఫున ఇదిగో, ఈ పొడుగాయన వాదిస్తాడట. ఆయనదే ఆ దేశం! మొత్తం తారుమారైంది."

"తారుమారేం కాలేదు. ఇక్కడి పద్ధతే అది. ఎవరి గోడు వాళ్ళు ఎలాగూ చెప్పుకుంటారు. ఎదుటివాళ్ళ బాధేమిటో తెలియాలనే కదా, ఇన్ని దేశాల ఆఫీసర్లని ఇంత దూరం పిలిపించింది!"

ఎదుటివాళ్ళ బాధతో నాకేం పని, నా బాధే నాకు బోలెడుంది అని నోటిదాకా వచ్చింది ఆఫీసరమ్మకి. మింగేసింది.

ఆవిడ బాధల్లా చెల్లెలు. ఎనిమిదేళ్ళు ఆపరేషన్ గదిలో నర్సుగా చేసిన పిల్ల, ఇప్పుడు ఆ పొడుగాయన దేశంలోనే ఒక ఆసుపత్రిలో ఆయాగా దుప్పట్లు మారుస్తోంది. మీ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు పొమ్మన్నారు మరి. "మా సర్టిఫికెట్లు ఉన్నవున్నట్టు ఒప్పుకోండి" అని వీళ్ళ ప్రభుత్వం, "మళ్ళీ చదివి పరీక్ష రాయాల్సిందే" అని వాళ్ళ ప్రభుత్వం నాలుగేళ్ళుగా భీష్మించుకు కూర్చున్నాయి.

"ఇంకో సంగతి," అంది పెద్దావిడ. "ఈ వాదనలో ఎవరికి ఎక్కువ మార్కులొస్తే వాళ్ళ పేరు అసలు చర్చల బృందానికి సిఫార్సు చేస్తాం."

ఆఫీసరమ్మ చటుక్కున చీటీ మడిచి పర్సులో పెట్టుకుంది. అసలు చర్చల్లో కుర్చీ దొరికిందా, చెల్లెలి పని గట్టెక్కినట్టే. ఈ ఉత్తుత్తి చర్చల్లో ఎవరి తరఫున అరిస్తే ఏం పోయింది?

సాయంత్రం హాస్టల్ గదిలోంచి చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఏమే, మన నర్సింగ్ కాలేజీల్లో లొసుగులేమిటో కాస్త చెప్పు."

"ఎందుకక్కా?"

"వాదనలో ఎక్కడ పట్టుకుంటారో ముందే తెలియాలి కదా."

"అయితే విను. ఎవరితోనూ అనకేం! పిల్లల వార్డు డ్యూటీ సగం కాగితాల మీదే. ఇక సూదులంటావా, బొమ్మకి పొడిచి పాసైపోయినవాళ్ళు ఎంతమందో. నేను కాదులే, మా బ్యాచ్ వాళ్ళు." అలా అరగంట చెప్పింది. అక్క రాసుకుంటూనే ఉంది.

మర్నాడు పొడవాటి బల్లకి ఇటు ఆవిడ, అటు పొడుగాయన. చుట్టూ ఇరవై దేశాల వాళ్ళు. పొడుగాయన పాపం మెతక మనిషి. "ఆ దేశం నర్సులు చాలా ఓపికమంతులు..." అని మొదలుపెట్టి, ఆ తర్వాత ఏం చెప్పాలో తోచక మంచినీళ్ళు తాగాడు.

"ఓపిక సంగతి సరేనండీ. పిల్లల వార్డులో ఎన్ని గంటలు పనిచేశారో చూపించండి," అంటూ లేచింది ఆఫీసరమ్మ.

ఇక చూడాలి ఆ ధాటి! బొమ్మల సంగతి తీసింది, దొంగ డ్యూటీల సంగతి తీసింది, మనిషిని ఉతికి ఆరేసింది. పొడుగాయన చివరికి రెండు చేతులూ ఎత్తేశాడు. మూడేళ్ళు మళ్ళీ చదవాలి, పరీక్ష రాయాలి అని ఒప్పందం తయారైంది. అంతవరకూ ఆయాలుగానే ఉండాలన్న ముక్క మాత్రం ఊపు మీద ఆవిడే చేర్చింది. కింద ఇద్దరూ ఎవరి పేరు, ఎవరి హోదా, ఎవరి దేశం వాళ్ళు రాసి సంతకాలు పెట్టారు. పెద్దావిడ తేదీ వేసి ముద్ర కొట్టింది. హాలంతా చప్పట్లు.

"మొదటి మార్కు మీదే!" అంది పెద్దావిడ. "దీని కాపీలు మీ రెండు ప్రభుత్వాలకీ పంపిస్తున్నాం. మీరిక్కడ ఏం నేర్చుకున్నారో చూసుకుంటారు."

పంపండి, చూసుకోనివ్వండి అనుకుంది ఆఫీసరమ్మ. ఆ సంతోషం రెండు వారాలు ఉంది.

ఆఖరి రోజు అందరూ పెట్టెలు సర్దుకుంటుంటే పై అధికారి ఫోన్ చేశాడు.

"ఏమ్మా, భలే పని చేశావు! నాలుగేళ్ళ పీటముడి విప్పేశావు కదా. మన శాఖ ఆఫీసరే ఇంత వివరంగా ఒప్పుకుని సంతకం పెట్టాక ఇంక మనం పట్టుపట్టేదేముంది? మంత్రిగారు కూడా సంతకం పెట్టేశారు. అవతలివాళ్ళయితే ఎగిరి గంతేశారు."

"సార్! అది ఉత్తుత్తి ఒప్పందం సార్!"

"ఉత్తుత్తిదేమిటి? ముద్ర ఉంది, తేదీ ఉంది, నీ సంతకం ఉంది."

"అందులో నేను వాదించింది వాళ్ళ తరఫునండీ! ఇక్కడి పద్ధతే అది!"

"ఆ సంగతి కాగితంలో ఎక్కడా లేదే!" అన్నాడాయన. "సరే, ఇప్పుడిక ఏం చేస్తాం? నిన్నటినుంచీ అమల్లోకి కూడా వచ్చేసింది," అని పెట్టేశాడు.

ఆవిడ మంచం మీద కూలబడిందో లేదో, ఫోన్ మళ్ళీ మోగింది. చెల్లెలు. వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"అక్కా, నా బతుకు బుగ్గయిపోయిందే! మూడేళ్ళు మళ్ళీ చదవాలట. అంతవరకూ ఆయా పనేనట. మా హెడ్ నర్సు పొద్దున అందరినీ నిలబెట్టి చదివింది. ఇక్కడివాళ్ళు రాసింది కూడా కాదట అక్కా, మన దేశం ఆడమనిషే, ఎవరో ఆఫీసరట, అన్నీ పూసగుచ్చినట్టు రాసిచ్చిందట!"

"చెల్లీ, నా మాట విను..."

"నువ్వే విను! ఆ మహాతల్లి నీ ట్రైనింగులోనే ఉందట. దాని చేతులు పడిపోను, అదెవరో కాస్త కనుక్కో అక్కా!"