పదికి పది

"కళ్లు తెరిచావంటే మళ్లీ మొదటికొస్తా," అంది హన్నమ్మ.

"తెరవలేదే తల్లీ. నువ్వు కానియ్," అన్నాడు యోసేపు.

వసారాలో మడతమంచం మీద వెల్లకిలా పడుకున్నాడతను. కాళ్ల దగ్గర పీట వేసుకుని కూర్చున్న అతని భార్య చేతిలో చిన్న దూది ఉండ ఉంది. తొలకరి జల్లు పడి వెలిసిన సాయంత్రం. తడిమట్టి వాసనా, మంచం కింద మగ్గేసిన రసాల వాసనా కలిసి యోసేపుకి మత్తుగా ఉంది.

హన్నమ్మ మరియమ్మ జపం ఒకటి మెల్లగా చెప్పుకుని, చివర్లో దూదితో ఎడమకాలి చిటికెనవేలు తాకింది.

"ఊ," అన్నాడు.

ఇంకో జపం, ఇంకో వేలు.

"ఊ."

ఇలా దూది తాకించి చూడమన్నది డాక్టర్ కరుణశ్రీ. తిరువూరులో ఒక ప్రైవేటు స్కూలు బస్సుని ఇరవై రెండేళ్లుగా నడుపుతున్న యోసేపుకి, ఈ వేసవి సెలవుల్లో కుడికాలు మొద్దుబారడం మొదలైంది. తుంటి నుంచి మడమ దాకా ఒకటే లాగుడు, ఆ వెనకే తిమ్మిరి. నడుములో డిస్కు జారి సయాటికా నరాన్ని నొక్కుతున్నట్టుందని ఆవిడ చెప్పింది.

"రోజూ కళ్లు మూయించి, రెండు కాళ్ల వేళ్లూ ఒక్కొక్కటే తాకండమ్మా. తాకినప్పుడల్లా ఆయన చెప్పాలి. ఆదివారానికి అన్నీ తెలిస్తే మందులతోనే చూద్దాం. కుడికాలు తెలియకపోతే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు, విజయవాడ వెళ్లి ఆపరేషన్ చేయించుకోవాలి. లేటయితే ఆ పాదం ఇక మాట వినదు. అంతవరకూ బస్సు ఎక్కొద్దు. బ్రేకు తొక్కేది ఆ కాలితోనేగా!"

పది వేళ్లనగానే హన్నమ్మకి జపమాల గుర్తొచ్చింది. అందులోనూ పూసలు పదేసి. వేలికో జపం చొప్పున చెబితే వైద్యానికి వైద్యం, ప్రార్థనకి ప్రార్థన. ఎవరేం చెప్పినా దానికి తన వంతు కాస్త కలపకపోతే హన్నమ్మకి తోచదు మరి.

మొదటిరోజు కుడికాల్లో రెండు వేళ్లే తెలిశాయి. మర్నాడు మూడు. బుధవారం నాలుగు. శుక్రవారానికి ఐదూ తెలిశాయి. ఆ రాత్రి హన్నమ్మ పాయసం కాచింది.

ఆపరేషన్ అంటేనే యోసేపుకి గుండె దడ. అంతకన్నా, తన సీట్లో ఇంకెవరో కూర్చుంటారన్న తలపుకే ఏడుపొచ్చేది. అందుకే కాబోలు, కళ్లు మూసుకోగానే బస్సు కదిలేది. ఇంజను చప్పుడుండదు, హన్నమ్మ గొంతే ఇంజను. నెమలి ఊరికెళ్లే రోడ్డు మీద, మామిడితోటల మధ్యనుంచి, చక్రాలు నేలకి ఆనకుండా పోతుండేది. వేలికో స్టాపు. జపం ముగిసేసరికి స్టాపు వచ్చేది. రెండు జడల పిల్ల ఒకతి ఎక్కి, "గుడ్ మార్నింగ్ డ్రైవర్ తాతా" అనేది. అప్పుడు వేలి చివర సన్నగా, చల్లగా తెలిసేది.

"ఊ," అనేవాడు యోసేపు.

శనివారం స్కూలు కరస్పాండెంట్ విజయ్ కుమార్ ఫోన్ చేశాడు.

"యోసేపూ, సోమవారం బడి తెరుస్తున్నాం. వస్తావా, ఇంకో మనిషిని చూసుకోమంటావా?"

"వస్తా సార్. రేపు సాయంత్రం ఒక్క పరీక్షుంది. పాసైపోతా."

"ఈ వయసులో పరీక్షేంటయ్యా?" అని ఆయన నవ్వాడు.

ఆదివారం మరియమ్మ గుడిలో పూజ అయ్యాక యోసేపు ఆగలేక షెడ్డుకి వెళ్లి బస్సు చూసుకొచ్చాడు. అద్దాలు తుడిచాడట, సీటు కవరు సర్దాడట. చెబుతూ చెబుతూ గుమ్మంలోకి వచ్చినవాణ్ని హన్నమ్మ ఆపింది.

"కుడికాలి చెప్పు ఏదయ్యా?"

యోసేపు కిందికి చూసుకున్నాడు. కొత్త పెళ్లికొడుకులా తడబడ్డాడు.

"బురద కదా, ఊడిపోయినట్టుంది."

"ఎక్కడ?"

"దార్లోనే ఎక్కడో. పాతదేగా, పోనియ్."

హన్నమ్మ అతన్ని అరుగు మీద కూర్చోబెట్టింది. చెంబుతో నీళ్లు పోసి ఆ కాలి బురద కడిగింది. పైటచెంగుతో తుడిచి, పాదాన్ని కాసేపు అలాగే పట్టుకుంది. ఆమెకి భయంగా ఉంది.

సాయంత్రం మళ్లీ మంచం, మళ్లీ పీట. యోసేపు కళ్లు మూసుకున్నాడు. హన్నమ్మ గొంతు ఇవాళ ఇంకా మెత్తగా, ఇంకా నెమ్మదిగా సాగింది. బస్సు కదిలింది. ఎడమవైపు ఐదు స్టాపులూ ఎండలో దాటిపోయాయి. తర్వాత తోటలు మొదలయ్యాయి. నీడ, చల్లగాలి. ఆరో జపం ముగిసింది, పిల్ల ఎక్కింది.

"ఊ."

ఏడోది. ఎనిమిదోది. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా కుదుపు లేదు. తన కాలు తనకి తిరిగొచ్చేసిందని యోసేపుకి ఎంత సంతోషమేసిందో!

"ఊ... ఊ..."

పదో జపం ముగిసింది.

"ఊ! పదికి పది!" యోసేపు కళ్లు తెరిచి లేచి కూర్చున్నాడు. "చెప్పానా? ఫోనివ్వు, సార్‌తో మాట్లాడతా. రేపు నెమలి ట్రిప్పు నాదే."

హన్నమ్మ ఫోను ఇవ్వలేదు. ఆమె చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"పాసైతే ఏడుస్తావేంటే, పిచ్చిదానా?"

"కుడికాలు నేను ముట్టుకోనే లేదయ్యా."