డెల్విన్ కొత్త చొక్కా

సోమవారం నుంచి డెల్విన్ లోర్నా ముఖం చూడటం లేదు.

ఆమె గదిలోకి వస్తే అతను లేచి బయటికి జారుకుంటున్నాడు. కుర్చీని గోడవైపు తిప్పేసుకున్నాడు. సంతకం కావాలంటే కాగితాలు ముసలి టాప్సీ చేతికిచ్చి పంపుతున్నాడు. మొన్నటిదాకా "ఆంటీ, ఆంటీ" అంటూ వెనకే తిరిగిన మనిషి!

లోర్నాకి తిండి సయించడం లేదు.

ఆలిస్ స్ప్రింగ్స్‌కి మూడు గంటల దూరంలో, ఎర్రమట్టి ఎడారిలో, పదకొండు మంది ఆదివాసీ ఆడవాళ్లు కలిసి పెట్టుకున్న కంపెనీ అది. తుమ్మ గింజలు ఏరి, వేయించి, పొడి చేసి నగరాలకి పంపుతారు. అందరికీ పెద్ద లోర్నా. లారీ తోలేది టాప్సీ అల్లుడు. టాప్సీ షెడ్డులో ఉంటే అతను దిగడు, హారన్ కొడతాడు. ఆమె అటు తప్పుకున్నాకే బస్తాలు ఎక్కిస్తాడు; అత్తకి అల్లుడు ఎదురుపడకపోవడం వాళ్లలో మర్యాద. మేనేజరు డెల్విన్ వాళ్ల జనమే అయినా అడిలైడ్‌లో పెరిగాడు. మొదట్లో ఇలాంటివి చూసి కిసుక్కున నవ్వేవాడు.

శుక్రవారం మెల్‌బోర్న్ నుంచి గ్రేమ్ అనే పెద్దమనిషి వస్తున్నాడు, కంపెనీని కొనేస్తానంటూ. అసలు గుబులంతా అదే. అమ్మితే అమ్మమ్మల నాటి నుంచి ఏరుకుంటున్న గింజలకి తాము కూలీలవుతారు.

డెల్విన్ వరసగా మూడు సాయంత్రాలు ఊరి మగపెద్దల దగ్గర కూర్చున్నాడట. జుట్టు కత్తిరించుకున్నాడు. ఎన్నడూ లేంది ఇస్త్రీ చొక్కా వేశాడు. ఇంకేం కావాలి? గ్రేమ్ వీణ్ణి కొనేశాడు, వీడు పెద్దల్ని తిప్పేస్తున్నాడు అనుకుంది లోర్నా.

టాప్సీతో చెప్పుకుంటే ఆవిడ బోసినోటితో నవ్వింది. కుర్రాడు బంగారమంది. నీకే కళ్లు మసకబారాయని ఎద్దేవా చేసింది. లోర్నాకి ఒళ్లు మండిపోయింది.

శుక్రవారం గ్రేమ్ వచ్చాడు. డెల్విన్ కుర్చీ ఖాళీ. అతను పంపిన ఫైలు టాప్సీ తెచ్చి ముందు పెడితే లోర్నా విప్పను కూడా లేదు.

గ్రేమ్ తీయగా మాట్లాడాడు. పేరు, షెడ్డు తనకిచ్చేస్తే చాలన్నాడు. ఏరే పని ఆడవాళ్లకే ఉంటుందని, నెలనెలా జీతమనీ ఆశ పెట్టాడు.

"పేరు మాది," అంది లోర్నా. "ధర చెప్పేదీ మేమే. గింజలు కావాలంటే కొనుక్కోండి. మేం అమ్మకానికి లేం."

గ్రేమ్ మూడు కప్పుల టీ తాగాడు. రెండుసార్లు లేచి మళ్లీ కూర్చున్నాడు. చివరికి ఆమె చెప్పిన ధరకే రెండేళ్ల సరుకుకి సంతకం పెట్టి వెళ్లాడు.

ఆడవాళ్లు ఈలలు వేశారు. లోర్నా మాత్రం కుదురుగా కూర్చోలేకపోయింది. గెలిచింది సరే, ఇంట్లో పాముని పెట్టుకుని ఎన్నాళ్లని? ఆలిస్ స్ప్రింగ్స్‌లో టీచరుగా ఉన్న కూతురు షెరీన్‌కి ఫోన్ చేసింది. కంపెనీ ఉత్తరాలు రాసిపెట్టేది ఆ పిల్లే.

"డెల్విన్‌ని తీసేస్తున్నా. ఉత్తరం రాయి. మనల్ని అమ్మేయాలని చూశాడు. అందుకే సోమవారం నుంచి నా ముఖం చూడలేకపోతున్నాడు."



"రేపు వచ్చి నేనే చెబుదామనుకున్నానమ్మా," అంది షెరీన్ మెల్లగా, "నన్ను పెళ్లి చేసుకుంటానని పెద్దల్ని ఒప్పించుకుని నీకు అల్లుడు కాబోతున్నవాడు, ఇంక నీ ముఖం ఎలా చూస్తాడు చెప్పు?"