సంఘం నుంచి వెలి

మంత్రి ఎమ్రిస్ ప్రోథెరో కార్మిక సంఘం హాల్లోకి అడుగుపెట్టగానే గని కార్మికులంతా కుర్చీలు తిప్పుకుని అతనికి వీపు పెట్టి కూర్చున్నారు. వేల్స్ లోయల్లో ద్రోహికి జరిగే మర్యాద అది. ఇదే హాల్లో ఎర్రజెండా మోసి పైకొచ్చిన మనిషి ఇప్పుడు యుద్ధ మంత్రివర్గంలో చేరి, సమ్మె చేస్తే నేరమని చట్టం తెచ్చాడు. ఆ చట్టం కిందే మొన్న ఈ గనివాళ్లని ముగ్గుర్ని జైల్లో వేశారు. మిగతావాళ్లు పని మానేశారు.

ఎమ్రిస్ ఆ వీపులతోనే మాట్లాడాడు. బొగ్గు లేకపోతే ఓడలు కదలవని, ఓడలు కదలకపోతే సముద్రం అవతల పోరాడుతున్న మన పిల్లలు దిక్కులేకుండా చస్తారని చెప్పాడు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు. జైల్లో ఉన్నవాళ్లను గాలికొదిలేసి పనిలోకి దిగితే, రేపు వాళ్ల పెళ్లాం పిల్లల మొహం ఎలా చూడాలన్నదే బాధ.

"వాళ్లను విడిపిస్తావా?" కిటికీకేసి చూస్తూనే అడిగాడొకడు.

"నా చేతుల్లో లేదు. మిగతా మంత్రులు ఒప్పుకోలేదు."

"మరి అక్కడ నువ్వెందుకురా, బొమ్మలా కూర్చోడానికా?"

అప్పుడు లేచాడు సంఘం అధ్యక్షుడు ఇడ్వల్ బెయ్నన్. కుర్రతనంలో ఎమ్రిస్‌కి జతగా బొగ్గు కొట్టినవాడు. ఎమ్రిస్ కేసి వేలు చూపించాడు.

"రేపు పనిలోకి దిగుదాం. కానీ వీడి మాట విని కాదు. ఈ క్షణం నుంచి వీడు మనవాడు కాదు. సంఘంలోంచి వీడి పేరు కొట్టేద్దాం. రేపు చస్తే, శవం మోయడానికి కూడా మనలో ఒక్కడూ వెళ్లొద్దు."

చేతులన్నీ లేచాయి. తలెత్తుకుని పనికి వెళ్లే దారి దొరికింది, సమ్మె ముగిసింది. ఎమ్రిస్ టోపీ పెట్టుకుని వానలోకి నడిచాడు. స్టేషన్ దాకా ఒక్కరూ తోడు వెళ్లలేదు. పుట్టిన ఊళ్లో అంత ఒంటరిగా నడవడం పగవాడికి కూడా వద్దు.

అందరూ వెళ్లాక, టీ కప్పులు సర్దుతున్న ఇడ్వల్ భార్య గ్వెన్లియన్ మొగుడి మీద విరుచుకుపడింది.

"ఎమ్రిస్‌ని తోడబుట్టినవాడి కన్నా ఎక్కువ అనేవాడివే. శవం కూడా మోయొద్దనడానికి నీకు నోరెలా వచ్చింది?"

ఇడ్వల్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ మాట నాది కాదే. పొద్దున రైలు దిగగానే వాడే నేర్పాడు. శవం సంగతి ఎక్కడ మింగేస్తానోనని, రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు."