నోరు లేని పటం

"మీ అత్తకు నోరేదిరా, గురవయ్యా?" పటం మీది గుడ్డ తీస్తూనే అడిగాడు కాశయ్య.

మద్రాసులో బొమ్మలు గీయడం నేర్చుకొచ్చిన మేనల్లుడు తల గోక్కున్నాడు. "నువ్వే అంటావు గద మామా, నోరు లేని మనిషని. ఇది జర్మనీ పద్ధతి. కంటికి కనపడింది కాదు, మనసుకు తగిలింది గీస్తారు. ఎక్స్‌ప్రెషనిజం అంటారు."

"మార్కాపురానికి ప్యాసింజరు రావడమే గగనం, నడుమ నీ ఎక్స్‌ప్రెస్సేందిరా? నోరు లేదంటే నెమ్మదస్తురాలని. కాపురం పచ్చగుండాలంటే మొహానికి పచ్చరంగు పూస్తావా?"

"పూసినా గద మామా. చూడు."

తాలూకా అంతటికీ పలకలు అమ్మే కాశయ్య ఇంట్లో పలకని మనిషి, భార్య నరసమ్మ. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ పటాన్ని చాలాసేపు చూసింది.

"నవ్వే నోరొకటి పెట్టు. వచ్చినోళ్లు చూడాల," అన్నాడు కాశయ్య.

గురవయ్య కుంచెను ఎర్రరంగులో ముంచాడు.

"వద్దబ్బయ్యా," అంది నరసమ్మ. "నవ్వు పెడితే అది నేను కాను. ఇట్లనే ఉండనీ."

కాశయ్య వెనక్కి తిరిగాడు. "ఏందీ, నీకు మాటలొచ్చునా?"

"పెండ్లయిన కాడ్నుంచి మాట్లాడతానే ఉండా. ఈ పొద్దు వినపడినట్లుంది," అని ఆమె గడప మీద చతికిలబడింది.

కాశయ్య మేనల్లుడి చేతిలోని కుంచె అందుకొని, నీళ్ల చెంబులో ముంచి, ఎరుపంతా పోయేదాకా కడుగుతూ కూర్చున్నాడు.