అమ్మ ముఖం కార్డు

ఆ వేసవిలో కడియం ఊరి పిల్లలందరి చేతుల్లోనూ కొత్త కార్డులే. కార్డును నుదుటికి ఆనిస్తే పిల్లకు తెలిసినదొకటి అందులోకి దిగుతుంది. ఆపైన ఆ కార్డు ఎవరి దగ్గరుంటే వాళ్ళకే ఆ సంగతి తెలుస్తుంది. ఏడో తరగతితో బడి మానేసిన సత్యవేణి అట్టమీది రాతలు చదవకుండా, మామూలు పేకముక్కలే అనుకుని కూతురికి కొనిపెట్టింది.

ఒకరోజు మల్లెపూలు ముందేస్తే, అంతకు ముందురోజు దాకా చకచకా మాల కట్టిన కూతురు మోక్షిత దారం పట్టుకుని దిక్కులు చూసింది.

"పూలు కట్టడం కార్డులోకి దింపి పక్కింటి దీపికకిచ్చేశానమ్మా. బదులుగా ఈత ఇచ్చింది."

సత్యవేణి కార్డుల అట్టపెట్టె లాక్కుని, దాని మీది రాతలు అప్పుడు చదివింది. "ఇంకా ఏం దింపావే? చూపించు."

మోక్షిత గౌను జేబులోంచి ఇంకో కార్డు తీసింది. దాని మీద సత్యవేణి ముఖం, ముక్కుపుడకతో సహా.

"దీనికైతే దీపిక మూడు కార్డులిస్తానంది. నేనింకా ఒప్పుకోలేదులే."

"నన్ను కూడా మార్చేస్తావటే?" అంటూ సత్యవేణి ఆ కార్డు లాగేసుకుంది.

మోక్షిత చాప మీంచి లేచి గుమ్మం దాకా వెనక్కి నడిచింది.

"మా అమ్మ ఏదండీ?"

సత్యవేణి కార్డు చాపింది. "తీసుకో తల్లీ. ఇదిగో, నీదే."

మోక్షిత చేతులు రెండూ వెనక్కి దాచుకుంది.

"తెలియనివాళ్ళు ఏమిచ్చినా తీసుకోవద్దని మా అమ్మ చెప్పింది."