నాలుగు ఇంచుల ఎత్తు

“రెండు ఇంచులది చాలన్నా,” అన్నాడు భూమేష్, జీపు ఎత్తు లేపే ఇనుప దిమ్మెల్లో చిన్నది చూపిస్తూ.

“చాలది. నాలుగు ఇంచులదే పెట్టు,” అంది సవిత.

మెకానిక్ రాజారాం చేతిలో పానా ఆగిపోయింది. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద షెడ్డు పెట్టినప్పటి నుంచీ ఎన్నో జీపుల ఎత్తు లేపాడు గానీ, ఎంత ఎత్తు లేపాలని మొగుడూ పెళ్లాం కొట్లాడుకోవడం చూడలేదు.

జీపు పాతది. కింద కమాను పట్టీలు వంగి, బండి నేలకు దిగి కూర్చుంది. వాన పడితే చాలు, చెరుకు తోటకు పోయే బాటలో ట్రాక్టర్లు తవ్విన గాడి మీద కడుపు ఆని నిలబడిపోతుంది. లేపాల్సిందేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎంత అన్నదగ్గరే పేచీ.

“నాలుగు లేపితే అవ్వ ఎట్లెక్కుతది?” అన్నాడు భూమేష్, తల్లిని తలచుకుని. “ఆమె మోకాళ్ల సంగతి నీకెర్క లేదా?”

సవితకు ఎరుకే. ఎరుకయ్యే అడుగుతోంది.

పెళ్లయినప్పటి నుంచీ ఎక్కడికి బయల్దేరినా ముందు సీటు అత్త గంగుబాయిది. సవిత వెనక బల్ల మీద, సంచుల నడుమ. ఊరు చేరేదాకా కుదుపులన్నీ ఆమెకే. సినిమాకు పోయినా ఆలుమగల మధ్య కుర్చీలో గంగుబాయే. పోనీ ఆమె గయ్యాళా అంటే కాదు. కోడలిని ఒక్కనాడు పల్లెత్తు మాట అనలేదు. అందుకే సవితకు నోరు పెగల్లేదు ఇన్నాళ్లూ. మొగుడితో ఒక్కసారి, ఒక్కపూట, ముందు సీట్లో కూర్చుని పోవాలని ఉందని ఎవరితో చెప్పుకుంటుంది?

“మొన్న గాడిల ఇరికితే కూలోళ్లను పిలిచి నూకిచ్చినవ్. మరిచినవా?” అంది. “రెండు ఇంచులు లేపితే మల్ల గదే గతి. లేపేదేదో ఒక్కసారే లేపరాదు?”

“గంత ఎత్తుంటే మలుపుల కాడ ఊగుతది. ఏమంటవే అన్నా?”

రాజారాం వంగి జీపు కిందికి చూశాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. పని తెలిసినవాడు, రెండే చాలంటాడనుకుంది సవిత.

“ఊగుతది,” అన్నాడు రాజారాం. “గని మెల్లగ నడిపేటోనికి ఏం గాదు. బ్రేకు పైపులు పొడుగువి ఏస్త. షాకబ్జార్బర్లు మారుస్త. మీ తోట బాటకు నాలుగే సరి.”

“అయితే అవ్వ ఎక్కనీకె పక్కకు ఒక మెట్టు వెల్డింగ్ చెయ్యి,” అన్నాడు భూమేష్.

సవిత రాజారాం వైపు చూసింది.

“మెట్టు కిందికి ఏలాడితే గాడిల తాకి ఇరుగుతది,” అన్నాడు రాజారాం. “ఇగ బండి లేపి ఏం ఫాయిదా?”

భూమేష్ తల గోక్కున్నాడు. చివరికి సరేనన్నాడు. తన వాదనే గెలిచిందని సవిత లోలోపల మురిసిపోయింది.

ఆదివారం పొద్దున బోధన్‌లో ఇంటి ముందు జీపు నిలబడింది. గోదావరి మీది పోచంపాడు ఆనకట్ట గేట్లు లేపారని అందరూ చూడ్డానికి పోతున్నారు. గంగుబాయి ఇస్త్రీ చీర కట్టుకుని, రొట్టెల మూట పట్టుకుని వచ్చింది. భూమేష్ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కుర్చీ పట్టుకుని కాలు లేపింది. సగందాకా లేపి దించేసింది.

“నాతోని గాదు బిడ్డా.”

“నేను ఎత్తి కూసోవెడ్తనే,” అన్నాడు భూమేష్.

“సిగ్గు లేదారా? వాడకట్టంత సూస్తున్నరు.”

“అయితే నేను గూడ పోను. బండి లోపల పెడ్త.”

“పోకుంటే ఎట్ల? నాకు గంగనీళ్లు కావాలె. ఒక సీసల పట్టుకరా, గవే నెత్తి మీద సల్లుకుంట. పో.”

అవ్వ పని చెప్పాక భూమేష్‌కు తప్పలేదు. మొహం ముడుచుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

సవిత ముందు సీటు దగ్గరికి వచ్చింది. కడ్డీ పట్టుకుని కాలు పైన పెట్టింది. ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. ఇస్త్రీ చీరలో అత్త గడప దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. రొట్టెల మూట ఇంకా చేతిలోనే ఉంది.

సవిత కాలు కిందికి దించింది.

“ఏమైంది?” అన్నాడు భూమేష్ ఇంజన్ చప్పుడులో.

“మూట మరిచిన,” అంటూ గడప దగ్గరికి పోయి, మూట అందుకోబోయి అత్త చెయ్యి పట్టుకుంది.

“అత్తమ్మా, తప్పు నాదే. ఆయన రెండు ఇంచులే అన్నడు. నేనే పట్టువట్టి నాలుగు పెట్టిచ్చిన. బాట కోసం గాదు. నువ్వు ఎక్కకుండ ఉండాలెనని.” కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “నేను గూడ పోను. నీతోనే ఉంట.”

గంగుబాయి కొడుకు వైపు చూసింది. వాడు అద్దం తుడుచుకుంటున్నాడు. కోడలి భుజం పట్టి దగ్గరికి లాక్కుని చెవిలో గొణిగింది.

“సప్పుడు జెయ్యక పోవే పిచ్చిదానా. నేను ఊకెనే రానంటే వాడు గడప దాటడు, నిన్ను దాటనియ్యడు. గందుకే మీరు షెడ్డుకు పోకముందే నేను రాజారాంకు ఫోన్ చేసిన. ఆరు ఇంచులది పెట్టు కొడుకా అంటే, నాలుగుకు మించి లేదన్నడు.”