మొహం లేని బండి

"ఆగు! ఆగమంటే ఆగాలి! లోపల మనిషున్నా లేకపోయినా సరే!"

బడి ముందు, నడిరోడ్డు మీద, ఎర్ర బోర్డు పైకెత్తి ఆగమ్మ అరిచింది. పిల్లల్ని రోడ్డు దాటించడం ఆవిడ ఉద్యోగం. రోజంతా అరిచే మాట అదొక్కటే కాబట్టి పిల్లలే ఆ పేరు పెట్టారు.

తెల్లబండి రోడ్డు దాటే గీతకి బారెడు దూరంలోనే బుద్ధిగా ఆగింది. స్టీరింగు వెనక ఎవరూ లేరు. దిండులా ఉబ్బిన నల్ల సీటొక్కటే ఉంది.

"కూర్చునే నాథుడే లేడు, అంత లావు సీటెందుకో!"

పక్కనే నోటుబుక్కుతో నిలబడ్డ పరిశోధన పిల్ల నవ్వు ఆపుకుంది. "రోడ్డు దాటేవాళ్లు ముందు డ్రైవరు మొహం చూస్తారమ్మా. ఆ మొహమే కనబడకపోతే ఏం చేస్తారు, ఎంతసేపు తటపటాయిస్తారు అని రాసుకుంటున్నాం. దాన్నిబట్టి బండికి బుద్ధి నేర్పాలి."

"డ్రైవర్ల పొట్ట కొట్టే బుద్ధేగా! ఇరవై ఏళ్లు బస్సు నడిపిన మా ఆయన్ని, ఇలాంటివి వస్తున్నాయనే ఇంటికి పంపారు!"

ఆ కోపంతోనే ఆగమ్మ నెల్లాళ్లు బండి మీద కన్నేసి ఉంచింది. ఒక్క తప్పు దొరికితే చాలు, వీధి చివరిదాకా తరిమేసేది. దొరకలేదు. బంతి రోడ్డు మీదకి దొర్లితే, దాని వెనక పసిది పరిగెత్తుకు రాకముందే బండి ఆగింది. జోరువానలో హారన్ ఊసెత్తకుండా నిలబడింది. ఆవిడ కుడి మోకాలు పట్టేసిన రోజుల్లోనైతే, పిల్లలందరూ దాటాక ఆఖరున ఆవిడ కుంటుకుంటూ ఫుట్‌పాత్ ఎక్కేదాకా అంగుళం కదలలేదు. వెనక కార్లవాళ్లు బూతులు లంకించుకున్నా సరే.

నెల నిండిన సాయంత్రం మొగుడి వీపుకి నొప్పుల మందు రాస్తూ దులిపేసింది.

"ఆ బండిని చూసి నేర్చుకోవయ్యా! ఇరవై రెండేళ్ల కాపురంలో ఏనాడైనా నా నడకతో నడిచావా? ఎప్పుడూ పదడుగులు ముందే!"

"ఊఁ" అన్నాడాయన. ఈమధ్య ఏదో పని దొరికింది ఆయనకి. కూర్చునే పనేనట, ఎక్కడో చెప్పడు. ఏ గోడౌను కాపలానో అయ్యుంటుంది, చెప్పుకోడానికి నామోషీ అనుకుని ఆవిడా గుచ్చి అడగలేదు.

ఆయన వరసగా మూడు తుమ్ములు తుమ్మాడు.

"ఒకటీ రెండుతో సరిపెట్టవు కదా! పెళ్లినాటి నుంచీ మూడే!"

"దుమ్ము పడదని తెలుసుగా."

"సరేగానీ, డ్రైవరు లేని బండ్లని బడి వీధిలోకి రానివ్వొచ్చని రేపు నన్ను సంతకం పెట్టమంటున్నారు."

ఆయన గభాల్న లేచి కూర్చున్నాడు. "పెట్టకు."

"ఏం? ఎందుకని?"

ఆయన మళ్లీ బోర్లా పడుకున్నాడు. "...నీ ఇష్టం."

మర్నాడు హెడ్మాస్టరమ్మ కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. "నాలుగొందలమంది పిల్లలు. బండి ముందు రోజూ నిలబడేదానివి నువ్వు. నీ మాటే ఆఖరి మాట."

"ఇంకో వారం ఆగండమ్మా, మా పరిశోధన పూర్తి కానివ్వండి" అంది నోటుబుక్కు పిల్ల, గోళ్లు కొరుక్కుంటూ.

"ఇంకా ఏం చూడాలే పిల్లా? నెల్లాళ్లు కళ్లారా చూశాను!"

ఆగమ్మ తిన్నగా బండి దగ్గరికి నడిచింది. అద్దం సగం దించి ఉంది.

"నిన్ను తిట్టిన నోటితోనే చెబుతున్నా, విను. కళ్లు లేవు, మొహం లేదు, అయినా మనిషి నొప్పి తెలుసు నీకు. ఇంత మర్యాద నా మొగుడిలో జన్మలో చూడలేదు."

లోపలికి చెయ్యి పోనిచ్చి, జేబురుమాలుతో సీటు నెత్తిన పేరుకున్న దుమ్ము ముద్దుగా దులిపింది. కాగితాన్ని బండి తలుపుకే ఆనించి, కలం మూత తీసింది.

సీటు వరసగా మూడుసార్లు తుమ్మింది.